షేల్ బావి పర్మిట్ కాగితం ఎట్ల చదవాలె? (నార్త్ డకోటా, బాకెన్)

దేవరకొండ_పిలగాడు

అందరికీ నమస్తే. ఆయిల్ ఫీల్డుల పనిచేసినోళ్లు, భూమి కాగితాలు తెలిసినోళ్లు ఎవరన్న ఉంటే జర చెప్పుండ్రి.

మా మేనమామ ఈ మధ్యనే రిటైర్ అయిండు. చేతికొచ్చిన పైసలల్ల కొంత అమెరికాల ఆయిల్ బావి మీద పెడ్తనంటున్నడు. ఒక ఏజెంటు కలిసి, నార్త్ డకోటా రాష్ట్రంల బాకెన్ షేల్ అనే చోట 10 ఎకరాల మినరల్ హక్కు (భూమి కింది ఖనిజం మీద హక్కు) ఇప్పిస్తనన్నడట. "బావికి సర్కారు పర్మిట్ సుత వచ్చింది, ఇగ ఆయిల్ తీసుడే" అని ఒక పీడీఎఫ్ పంపిండు. మామయ్య నన్ను చదివి చెప్పమన్నడు. అండ్ల ముఖ్యమైనవి ఇవి, టౌన్‌షిప్, రేంజ్ నంబర్లు (భూమి ఏ దిక్కున్నదో చెప్పేవి) తీసేసిన:

సర్ఫేస్ లొకేషన్: సెక్షన్ 25, 250 ఎఫ్‌ఎన్‌ఎల్, 1300 ఎఫ్‌ఈఎల్
బాటమ్ హోల్ లొకేషన్: సెక్షన్ 13, 200 ఎఫ్‌ఎన్‌ఎల్, 1300 ఎఫ్‌ఈఎల్
టీవీడీ 10,573 అడుగులు, ఎండీ 20,937 అడుగులు
పూల్: బాకెన్
స్పేసింగ్ యూనిట్: 1280 ఎకరాలు, సెక్షన్లు 13, 24

ఒక్క బావికి రెండు చోట్లు ఎందుకున్నయి? లోతు రెండు తీర్ల ఎందుకు రాసిన్రు? పర్మిట్ ఇచ్చిన్రంటే కింద ఆయిల్ ఉన్నదని సర్కారు ఒప్పుకున్నట్టేనా?

బోరుబండి_చండూరు

తమ్మీ, ఆయిల్ సంగతి నాకు తెల్వదు గని అడ్డం తవ్వుడు మనకు కొత్త కాదు. పాత వ్యవసాయ బావులు ఎండినప్పుడు అడుగుకు దిగి, గోడకు మిషన్ బిగించి సైడు బోర్లు ఏసేటోళ్లు. నిలువుగ పోతే ఒక్క పగులు తగుల్తదో తగలదో. అడ్డంగ పోతే నిలువు పగుళ్లు వరుసగ తెగుతయి, ఊట పెరుగుతది. ఇది గూడ గదే లెక్కనా? తెలిసినోళ్లు చెప్పాలె.

విలిస్టన్ల_నల్లగొండోడు

నేను బాకెన్‌లనే ఎండబ్ల్యూడీ పని చేసిన. అంటే బిట్టు వెనక పరికరం పెట్టి, బావి ఎటు పోతున్నదో కింద నుంచి కొలతలు తీసుకునే పని. చండూరు అన్న చెప్పిన సైడు బోరు దీనికి మంచి మొదలు. తేడా ఏందంటే, సైడు బోరుకు మనిషి అడుగుకు దిగుతడు. ఇక్కడ మనిషి పైనే ఉండి, రెండు మైళ్ల కింద పైపును వంచి, ఇంకో రెండు మైళ్లు అడ్డం నడిపిస్తడు.

తమ్ముడూ, నీ కాగితంల లెక్కలు వరుసగ చెప్త.

అక్కడ భూమిని మైలుకు మైలు చదరాలుగ కోసిన్రు. ఒక్కో చదరం ఒక సెక్షన్, 640 ఎకరాలు. 36 సెక్షన్లు కలిస్తె ఒక టౌన్‌షిప్. నంబర్లు ఈశాన్యం మూల నుంచి మొదలై పాము నడకల పోతయి. అందుకే తూర్పు అంచు వరుస పై నుంచి కిందికి 1, 12, 13, 24, 25, 36 అని వస్తది. 13కు దక్షిణం 24, దానికి దక్షిణం 25. ఇది బాగ గుర్తు పెట్టుకో, ముందు పనికొస్తది.

ఎఫ్‌ఎన్‌ఎల్ అంటే ఆ సెక్షన్ ఉత్తరపు గీత నుంచి ఎన్ని అడుగులని. ఎఫ్‌ఈఎల్ అంటే తూర్పు గీత నుంచి. నీ బావి మూతి సెక్షన్ 25ల, ఉత్తరపు గీతకు 250 అడుగుల దూరంల ఉన్నది. బావి కొస మాత్రం సెక్షన్ 13 ఉత్తరపు గీతకు 200 అడుగుల ఇవతల. అంటే బావి దక్షిణం నుంచి ఉత్తరానికి పోతున్నది.

ఇగ లోతు. టీవీడీ అంటే నేల నుంచి నిట్ట నిలువు లోతు. ఎండీ అంటే బావి ఎంబడి పైపు పొడవు. ముందు దాదాపు 10,000 అడుగులు నిలువుగ దిగుతరు. అక్కడ నుంచి వంపు మొదలు. బిట్టు వెనక మడ్ మోటార్ ఉంటది, దానికి రెండు డిగ్రీలు అటో ఇటో వంపు ఉంటది. పైనుంచి కొట్టే మడ్ (పైపులకు పంపే బురద నీళ్లు) ఒత్తిడికి ఆ మోటార్ బిట్టును తిప్పుతది. వంచాలనుకున్నప్పుడు పైపు మొత్తాన్ని తిప్పరు, వంపు ఎటు చూస్తె అటే బావి తిరుగుతది. 100 అడుగులకు 10 డిగ్రీల చొప్పున తిప్పితె 900 అడుగులల్ల పైపు పడుకుంటది. ఆ వంపుల నిలువు లోతు 573 అడుగులు పెరుగుతది, అడ్డం గూడ 573 అడుగులు ముందుకు జరుగుతది. అందుకే నీ కాగితంల టీవీడీ 10,573. సెక్షన్ గీతకు 250 అడుగులు దక్షిణంల మొదలైన బావి, పడుకునే సరికి గీత దాటి 323 అడుగులు లోపలికి పోయి ఉంటది. అక్కడి నుంచి కొస దాకా 10,037 అడుగులు అడ్డం. 10,000, 900, 10,037 కూడు. 20,937. నీ కాగితం లెక్క కుదిరింది, అంటే కాగితం దొంగది కాకపోవచ్చు.

ఇంతకు ఎందుకు వంచుతరు? ఆయిల్ ఉన్న పొర మందం కొన్ని పదుల అడుగులే. నిలువు బావి దాన్ని అంతమేరకే తాకుతది. పడుకున్న బావి రెండు మైళ్లు తాకుతది. మేం నడిపేటప్పుడు పట్టుకోవాల్సిన కిటికీ పది పదిహేను అడుగులే ఉంటది. బిట్టు వెనక గామా పరికరం రాయిల రేడియేషన్ కొలుస్తుంటది. నల్ల షేల్‌ల, అంటే గట్టిపడ్డ బురద రాయిల, గామా ఒక్కసారి ఎగురుతది. మేం ఉండాల్సింది దాని కింది పొరల. గామా లేస్తుందంటే పైకి పోతున్నమని, వెంటనే కిందికి దించాలె. ఆ కబురు మడ్‌ల ఒత్తిడి అలలుగ పైకొస్తది. రాత్రంతా ఆ గీతల మీదనే కండ్లు పెట్టి కూసుంటం. పైకి వచ్చే రాతి ముక్కలను జియాలజిస్టు కడిగి, మైక్రోస్కోప్ కింద చూసి, మాకు అవునంటడు లేదంటడు.

నీ మూడో ప్రశ్నకు జవాబు: కాదు. పర్మిట్ అంటే "ఈ చోట, ఈ దిక్కున, ఈ పద్ధతిల తవ్వుకోవచ్చు" అని. ఆయిల్ ఉన్నదా, ఎంత వస్తది అనేది సర్కారు చెప్పదు. కంపెనీ తప్పనిసరి తవ్వాలని గూడ దాంట్ల లేదు. నార్త్ డకోటాల ఆ కాగితానికి ఏడాది గడువు. ఆలోగ తవ్వకం మొదలుపెట్టకుంటె చెల్లదు, మళ్లీ పొడిగించుకోవాలె.

పనుంది, పొద్దున మిగతది రాస్త. అప్పటిదాక నువ్వొకటి కనుక్కో: మామయ్యకు అమ్ముతనన్న ఆ 10 ఎకరాలు ఏ సెక్షన్‌ల ఉన్నయి?

రాళ్లసారు_పాలమూరు

డిగ్రీ కాలేజీలో జియాలజీ చెప్పిన వాణ్ని. మన మిత్రుడు "ఉండాల్సింది షేల్ కింది పొరలో" అన్నది చాలామందికి వింతగా తోస్తుంది. షేల్ బావి అంటూ షేల్‌లో కాకుండా పక్క పొరలో తవ్వడమేమిటని.

బాకెన్ అనేది మూడు పొరల కట్ట. పైనా కిందా నల్లటి షేల్, మధ్యలో సిల్టు, ఇసుక, డోలమైటు కలిసిన గట్టి రాయి. సుమారు 36 కోట్ల ఏళ్ల కిందటి సముద్రపు అడుగు అది. ఆయిల్ పుట్టింది ఆ నల్ల షేల్‌లోని జీవపదార్థం నుంచి. పుట్టిన ఆయిల్ కొంత మధ్య పొరలోకి దిగింది. ఆ రాయి మరీ బిగువు. ఆయిల్ ఉన్నా కదలదు. నీళ్లు, ఇసుక పెద్ద ఒత్తిడితో కొట్టి పగుళ్లు చేస్తేనే కదులుతుంది. పగుళ్లు మళ్లీ మూసుకోకుండా ఇసుక రేణువులు అడ్డుపడతాయి.

ఆయిల్ ఉందని తెలియడం, దాన్ని తీయగలగడం ఒకటి కాదనడానికి బాకెన్ చరిత్రే సాక్ష్యం. నార్త్ డకోటాలో మొదటి ఆయిల్ 1951లో టియోగా దగ్గర పడింది. ఆ ప్రాంతపు రైతు హెన్రీ బాకెన్ పొలంలో వేసిన బావి వల్ల ఈ పొరకు ఆయన ఇంటిపేరు వచ్చింది. అయినా యాభై ఏళ్లు అది పెద్దగా పలకలేదు. అడ్డం తవ్వకం, పగలగొట్టడం రెండూ జతకట్టాక 2000 తర్వాత మోంటానాలోని ఎల్మ్ కూలీలో, 2006లో నార్త్ డకోటాలోని పార్షల్‌లో దశ తిరిగింది. 2019 చివర్లో ఆ ఒక్క రాష్ట్రం రోజుకు 15 లక్షల బ్యారెళ్లు తీసింది. మన దేశం మొత్తం రోజుకు తీసేది దాదాపు 6 లక్షల బ్యారెళ్లు.

మిర్యాలగూడ_మిల్లు

సారు చెప్పిన లెక్కనే చూడండి, అంత ఆయిల్ ఉన్న చోట పైసలు పెడితే తప్పేంటి? ఊకె భయపెట్టొద్దు. మా తోడల్లుడు డాలస్ పక్కన ఫోర్ట్‌వర్త్‌లో ఇల్లు కొన్నడు. కింద బార్నెట్ షేల్. గ్యాస్ కంపెనీ నుంచి ఇంటికి చెక్కులొచ్చినయి, నేను చూసిన. సర్కారు ముద్ర ఉన్న పర్మిట్ చేతిల ఉన్నప్పుడు ఇంకా అనుమానమెందుకు? మనోళ్లు ప్లాట్ల మీద కోట్లు పెడ్తరు, ఇసొంటి దాని మీద మాత్రం వెనకాడ్తరు.

హాలియా_అక్క

మిల్లు అన్నా, మీ తోడల్లుడికి వచ్చినవి నిజమే అయ్యుంటయి. బార్నెట్ మీద ఇండ్లున్నోళ్లకు అట్ల చెక్కులొచ్చినయి. నేను టెక్సాస్‌లో ఉండగా ఒక కంపెనీల రాయల్టీ లెక్కలు రాసేదాన్ని. అందుకే లెక్కతోనే చెప్త.

పిలగాడా, పది ఎకరాలంటే పది ఎకరాల ఆయిల్ అంతా మీదే అనుకోవద్దు. స్పేసింగ్ యూనిట్, అంటే బావి రాబడి పంచుకునే భూమి, 1280 ఎకరాలు. అందులో మీ వాటా 10 భాగించు 1280. కంపెనీతోని లీజుల రాయల్టీ (హక్కుదారుకు ఇచ్చే వంతు) ఎంత రాసుకున్నరో దాంతోని గుణించాలె. 16ల 3 వంతులు అనుకో. అప్పుడు మీ వంతు 0.00146484. చెక్కు మీద ఇట్లనే ఎనిమిది అంకెల దశాంశం ఉంటది.

బావి ఒక నెల 20,000 బ్యారెళ్లు తీసింది, బ్యారెల్ 60 డాలర్లు అనుకుందాం. మొత్తం 12 లక్షల డాలర్లు. మీ వంతు 1,758 డాలర్లు. ఆయిల్ మీద ఆ రాష్ట్రం తీసుకునే రెండు పన్నులు, ఒక్కోటి 5 శాతం, తీసేస్తే 1,582. వినడానికి మంచిగనే ఉంది. కానీ షేల్ బావి మొదటి నెలల్లోనే గట్టిగ వస్తది. ఏడాది తిరిగే సరికి రోజువారీ ఉత్పత్తి సగానికంటె ఎక్కువ పడిపోతది. ఆ తర్వాత మెల్లగ తగ్గుకుంట ఏండ్లకేండ్లు నడుస్తది. మొదటి నెల చెక్కును పన్నెండుతో గుణించి, మళ్లీ ఇరవై ఏండ్లతో గుణించి చూపించేటోళ్లను నమ్మొద్దు. ఏజెంటు మామయ్యకు ఏ లెక్క చూపించిండో కనుక్కో.

ఇంకొకటి. మామయ్య కొనేది రాయల్టీనా, వర్కింగ్ ఇంటరెస్టా? రాయల్టీ అయితే ఖర్చు మీది కాదు, వచ్చిన దాంట్ల వంతు వస్తది. వర్కింగ్ ఇంటరెస్టు అయితే బావి ఖర్చుల మీరు గూడ భాగస్తులు. అక్కడ ఒక్కో అడ్డం బావికి 70, 80 లక్షల డాలర్లయితయి. ఒక్క శాతం వాటా ఉన్నా 70, 80 వేల డాలర్ల బిల్లు ఇంటికొస్తది. కట్టకపోతే మీ వంతు రాబడిని పెనాల్టీతో సహా పట్టుకుంటరు. ఈ మాట కాగితంల ఎక్కడో చిన్న అక్షరాలల్ల ఉంటది.

వేదిక_నిర్వహణ

ఏజెంటు పేరు, కంపెనీ పేరు ఇక్కడ రాయకండి. పర్మిట్ ఫైల్ నంబర్ కూడా పెట్టొద్దు. విషయం మాట్లాడుకుందాం.

పాలమూరు_వకీలు

మనవాళ్లకు ఇక్కడ ఒక చిక్కు ఉంది. మన దగ్గర పట్టా పాసుబుక్ ఉంటే భూమి నాది అనుకుంటాం, కింద ఏముందన్నది ఆలోచించం. మన దేశంలో ఆయిల్, గ్యాస్ తీయడానికి 1948 ఆయిల్‌ఫీల్డ్స్ చట్టం కింద ప్రభుత్వమే లీజు ఇస్తుంది. 2025 మార్పుల దాకా వెతకడానికి పీఈఎల్ అనే లైసెన్సు, తీయడానికి పీఎంఎల్ అనే లీజు వేరువేరుగా ఉండేవి. రాయల్టీ ప్రభుత్వానికి పోతుంది. రైతుకు భూమి వాడుకున్నందుకు పరిహారమే.

అమెరికాలో కింది హక్కు ప్రైవేటు మనిషిది కావచ్చు. ఆ హక్కును పైభూమి నుంచి విడదీసి అమ్ముకోవచ్చు. తాత పైభూమి అమ్మి మినరల్స్ తన దగ్గర ఉంచుకుంటాడు, అవి ముగ్గురు పిల్లలకు పోతాయి, వాళ్లలో ఒకరు సగం అమ్ముతారు. కాబట్టి "సెక్షన్‌లో 10 ఎకరాలు" అన్న మాటకు అర్థం లేదు. అది పైభూమా, మినరలా, పూర్తి వాటానా, అందులో భాగమా, ఇప్పటికే లీజుకు పోయిందా, ఇవన్నీ డీడ్‌ల వరుస చూసి తేల్చాలి. ఆ డీడ్‌లు కౌంటీ రికార్డర్ ఆఫీసులో ఉంటాయి. పర్మిట్‌లో ఇవేవీ ఉండవు. పర్మిట్ మీద ఉండేది బావి తవ్వే కంపెనీ పేరు.

డబ్బు పంపే సంగతి: రిజర్వు బ్యాంకు ఎల్‌ఆర్‌ఎస్ (విదేశాలకు డబ్బు పంపే పథకం, ప్లాట్ల ఎల్‌ఆర్‌ఎస్ కాదు) కింద ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల వరకు పంపొచ్చు, అది కూడా తన బ్యాంకు ఖాతా నుంచి, ఎందుకు పంపుతున్నామో రాసి. ఏజెంటు చేతికి రూపాయల్లో ఇవ్వడం అనే మాటే రాకూడదు. ఆస్తి వచ్చాక మన ఐటీ రిటర్న్‌లో విదేశీ ఆస్తుల పట్టికలో చూపించాలి.

బోరుబండి_చండూరు

వకీలు సాబ్, మన బోర్లకు గూడ వాల్టా చట్టం ఉన్నది గదా. తహసిల్ల దరఖాస్తు పెట్టాలె, తాగునీళ్ల బోరుకు 250 మీటర్ల లోపల ఏయొద్దు. పర్మిషన్ కాగితం ఉన్నా నీళ్లు పడ్తయని ఎవరూ అనరు. మా బండి పోయిన జాగాల ముషంపల్లి దిక్కు ఎన్ని బోర్లు ఫెయిలయినయో. పర్మిషన్ ఉన్నవి గూడ ఫెయిలయినయి.

మునుగోడు_నీళ్లు

నాకు ఇంకో ప్రశ్న ఉంది, డబ్బు గురించి కాదు. మేము ఫ్లోరోసిస్‌తో వంగిపోయిన కాళ్లను ఇంట్లో చూసి పెరిగినోళ్లం. భూమి లోపలి నీళ్లు చెడిపోతే తరాలు ఎట్ల ఆగమవుతయో మాకు ఎవరూ చెప్పనక్కర లేదు. ఆ బావుల్లో అంత ఒత్తిడితో మందులు కలిపిన నీళ్లు కొడుతున్నరు కదా, అక్కడి రైతుల తాగునీళ్ల సంగతేంది? ఆ బావి పర్మిట్ ఇచ్చేటప్పుడు అది చూస్తరా?

విలిస్టన్ల_నల్లగొండోడు

మంచి ప్రశ్న. పర్మిట్ దరఖాస్తుల కేసింగ్ ప్లాన్ తప్పకుండ ఉంటది, అది చదవాలె. అక్కడ తాగునీళ్ల పొరలు దాదాపు 2,000 అడుగుల లోపలే ఉంటయి. వాటిని దాటినంక 9 అంగుళాల 5/8 కేసింగ్ దించి, బయట వైపు నేల దాక సిమెంట్ నింపుతరు. ఆ పైన వంపు చివరి దాక 7 అంగుళాల కేసింగ్. అడ్డం భాగంల నాలుగున్నర అంగుళాల లైనర్. పగలగొట్టేది ఆ చివరి భాగంలనే, తాగునీళ్ల పొరకు ఎనిమిది వేల అడుగుల కింద. అందుకని పగులు నేరుగ పైదాక వచ్చుడు అరుదు. సిమెంట్ మంచిగ పట్టకపోతే మాత్రం కేసింగ్ ఎంబడే దారి దొరుకుతది. సిమెంట్ పట్టిందా లేదా అని లాగ్ (బావిలకు పరికరం దించి తీసే కొలత) తీసి చూసుడు అందుకే.

నేను చూసిన అసలు గోస వేరే. బావికి కోటి లీటర్లకు పైననే నీళ్లు కొడ్తరు. ఆయిల్‌తో పాటు కింద నుంచి ఉప్పు నీళ్లు గూడ వస్తయి, సముద్రం కంటె ఎన్నో రెట్లు ఉప్పు. దాన్ని ట్యాంకర్లల్ల, పైపులల్ల తీసుకపోయి వేరే లోతైన బావులల్లకు పంపుతరు. ఆ పైపు పగిలితే, ట్యాంకర్ బోల్తా కొడితే ఆ పొలం ఏండ్ల తరబడి పండదు. గోధుమ చేను నడుమ తెల్లగ ఉప్పు పేరుకున్న మడిని చూసిన. ఆ రైతుకు కింది మినరల్ లేదు, నష్టం మాత్రం ఆయనదే.

మునుగోడు_నీళ్లు

ఇదే నేను అడగాలనుకున్నది. మన నల్లగొండల, పాలమూరుల షేల్ ఉందా? రేపు ఎవరన్న పర్మిట్ కాగితం పట్టుకుని ఇక్కడికి వస్తరా? లంబాపూర్, పెద్దగట్టు యురేనియం బోర్ల నాటి నుంచి మాకు ఈ భయం ఉంది.

రాళ్లసారు_పాలమూరు

షేల్ అనే రాయి మన దగ్గర లేదనలేం. హుజూర్‌నగర్, మఠంపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలకు సున్నపురాయి ఇచ్చే కట్టలో షేల్ పొరలున్నాయి. తాండూరు వైపు భీమా బేసిన్‌లోనూ ఉన్నాయి. కానీ అవి బాకెన్ కంటే ఎంతో పాతవి, భూమి మీద చెట్టూ చేపా పుట్టకముందువి. ప్రతి షేల్ నుంచీ ఆయిల్ రాదు. జీవపదార్థం దండిగా ఉండాలి, సరైన వేడిలో కావలసినంత కాలం ఉడకాలి, మరీ ఎక్కువ ఉడకకూడదు. ఇక నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఎక్కువ భాగం కింద గ్రానైటు, నీసు రాయి. దాదాపు 250 కోట్ల ఏళ్ల రాయి. అందులో ఆయిల్ పుట్టదు. పగుళ్లలో నిలిచే నీళ్లే దాని సంపద. చండూరు తమ్ముడి బండి వెతికేది వాటినే. అదే రాయిలోని ఫ్లోరిన్ కరిగి మునుగోడు నీళ్లలో కలిసింది. యురేనియం మీ దగ్గర దొరికింది కూడా గ్రానైటు, దాని మీది శ్రీశైలం క్వార్ట్‌జైటు కలిసే చోట. దానికీ ఆయిల్‌కూ సంబంధం లేదు.

షేల్ గ్యాస్ సంగతి మన తెలుగు నేలలో వచ్చేది కృష్ణా గోదావరి బేసిన్‌లో. అక్కడ రాఘవాపురం షేల్, దాని కంటే పాత కొమ్ముగూడెం షేల్ ఉన్నాయి. దేశంలో షేల్ నుంచి మొదటిసారి గ్యాస్ వచ్చింది 2011 జనవరిలో, బెంగాల్‌లోని దుర్గాపూర్ దగ్గర ఓఎన్‌జీసీ బావిలో. 2013 అక్టోబరులో కేంద్రం షేల్ విధానం తెచ్చింది. అమెరికాలో జరిగినట్టు ఇక్కడ జరగలేదు.

పాలమూరు_వకీలు

సారు చెప్పినదానికి ఒక్క మాట కలుపుతా, మునుగోడు మిత్రుడు గుర్తుంచుకోవాల్సింది. 2020 జనవరిలో పర్యావరణ నోటిఫికేషన్ సవరించి ఆయిల్, గ్యాస్ అన్వేషణను బీ2 కేటగిరీలోకి మార్చారు. అంటే వెతికే దశలో ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదు. 2003లో పెద్దగట్టు యురేనియం మీద జనం మాట్లాడగలిగింది ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది కాబట్టే. ఇది గోదావరి జిల్లాల వాళ్లకు ఇప్పుడే తగిలే విషయం.

దేవరకొండ_పిలగాడు

అందరికీ మస్తు థాంక్స్. మామయ్యను కూసోబెట్టి అన్నీ చదివి వినిపించిన. హాలియా అక్కా, మీరన్నట్టే మొదటి నెల లెక్కను ఇరవై ఏండ్లకు గుణించి చూపించిన్రు.

విలిస్టన్ అన్నా, ఏజెంటును అడిగినం. ఆ 10 ఎకరాలు సెక్షన్ 25ల ఉన్నయట. "బావి మీ సెక్షన్‌లనే ఉన్నది, పర్మిట్‌ల మొదటి లైన్ల చూసుకోండి" అన్నడు.

విలిస్టన్ల_నల్లగొండోడు

తమ్ముడూ, నేను ఆ ప్రశ్న అడిగింది అందుకే. ఇప్పుడు కాగితం మళ్లా చూడు. బావి మూతి సెక్షన్ 25ల ఉన్నది, నిజం. స్పేసింగ్ యూనిట్‌ల ఏమున్నయి? 13, 24. 25 లేదు.

ముందు వేసిన లెక్క గుర్తు చేసుకో. బావి 25ల నిలువుగ దిగి, వంపు తిరిగి, గీత దాటి 24లకు 323 అడుగులు పోయినంకనే పడుకుంటది. కేసింగ్‌కు చిల్లులు పడేది, రాయి పగిలేది, ఆయిల్ వచ్చేది అంతా 24, 13 కింద. రాబడి పంచేది ఆ 1280 ఎకరాల మినరల్ ఉన్నోళ్లకే. 25ల పైభూమి ఉన్న రైతుకు ప్యాడ్ (బావి మూతి చుట్టు చదును చేసిన జాగా) వేసుకున్నందుకు పరిహారం వస్తది. 25ల మినరల్ ఉన్నోళ్లకు ఈ బావి నుంచి ఒక్క డాలర్ రాదు. వంపుకు జాగా కావాలని, యూనిట్‌ల అంగుళం గూడ పోగొట్టుకోవద్దని మూతిని పక్క సెక్షన్‌ల పెట్టుడు అక్కడ మామూలే.

అయితే 25ల మినరల్ విలువ లేనిదని నేను అనను. 25, 36 కలిపి ఇంకో యూనిట్ ఉండొచ్చు. అదే ప్యాడ్ మీద నుంచి దక్షిణానికి పోయే బావులుండొచ్చు. వాటికి వేరే పర్మిట్లు, వేరే ఫైల్ నంబర్లు ఉంటయి. నార్త్ డకోటా ఇండస్ట్రియల్ కమిషన్ ఆయిల్ అండ్ గ్యాస్ డివిజన్ మ్యాపు అందరికీ తెరిచే ఉంటది. సెక్షన్ 25 మీద పెట్టి చూడు. బావి పక్కన పొట్టి అక్షరాలుంటయి. ఎల్‌ఓసీ అంటే పర్మిట్ ఉన్నది, తవ్వలేదు. డీఆర్‌ఎల్ అంటే తవ్వుతున్నరు. కాన్ఫ్ అంటే ఆరు నెలల దాక వివరాలు దాచుకునే హక్కు వాడుకుంటున్నరు. ఏ అంటే నడుస్తున్నది. పీఎన్‌సీ అంటే పర్మిట్ రద్దయింది.

మిర్యాలగూడ_మిల్లు

మూతి ఒకరి దగ్గర, ఆయిల్ ఇంకొకరి దగ్గర ఉంటదని నాకు తట్టనేలేదు. మా తోడల్లుని డీడ్‌ల మినరల్ సంగతి ఏం రాసి ఉన్నదో గూడ అడిగి చూస్త.

దేవరకొండ_పిలగాడు

మ్యాపు చూసిన. మామయ్య గూడ పక్కనే కూసున్నడు. ఈ పర్మిట్ బావికి ఎల్‌ఓసీ అని ఉన్నది. 25, 36 కలిపి నిజంగనే వేరే యూనిట్ ఉన్నది. దాంట్ల ఒక్కటే బావి, 2012ల వేసింది, ఏ అని ఉన్నది. ఇప్పుడు నెలకు తీసేది మొదట్ల తీసినదాంట్ల చిన్న ముక్క. కొత్త పర్మిట్లేవీ కనిపించలే. ఏజెంటు చెప్పిన ధర మాత్రం కొత్త బావి లెక్కన ఉన్నది. ఆ పాత బావి నడుస్తున్నంత కాలం పాత లీజే నడుస్తదా అక్కా?

హాలియా_అక్క

మామూలుగ అయితే అంతే. ఆయిల్ వస్తున్నంత కాలం ఆ యూనిట్ లీజు బతికే ఉంటది. కొత్తగ బోనస్ (లీజు రాసిచ్చినందుకు ముందుగ ఇచ్చే పైసలు) రాదు, రాయల్టీ శాతం గూడ ఆనాడు రాసుకున్నదే, అది 8ల 1 వంతే కావచ్చు. అమ్మేటోళ్ల దగ్గర ఆ పాత బావి చెక్కు స్లిప్పులు ఉండాలె. ఈ మధ్య వచ్చిన కొన్ని నెలలవి అడుగుండ్రి. దాని మీద దశాంశం ఉంటది. దాన్ని బట్టి వాళ్లకు నిజంగ ఎన్ని ఎకరాలున్నయో వెనక్కి లెక్క కట్టొచ్చు. అంకెలు పంపితే నేను కట్టి చెప్త.

దేవరకొండ_పిలగాడు

అడిగినం అక్కా. పంపుతనన్నడు, ఇంకా రాలే. డీడ్ కాపీ మాత్రం వాట్సాప్‌ల వచ్చింది, రెండు పేజీలు. స్లిప్పులు చూసేదాక పైసలు పంపేది లేదని మామయ్య ఏజెంటుకు ఫోన్‌లనే చెప్పిండు.

పాలమూరు_వకీలు

డీడ్‌లో భూమి వివరం రాసిన పేరా తర్వాత "మినహాయింపులు" అనే భాగం ఉంటుంది. అక్కడ ఆయిల్, గ్యాస్, ఇతర ఖనిజాలు పాత యజమాని తన దగ్గరే ఉంచుకున్నాడని ఉందేమో ముందు అది చూడు బాబూ. ఉంటే ఇది పైభూమి డీడే, మిగతా పేజీ చదవక్కర లేదు. లేకపోతే దాని మీద కౌంటీ నమోదు నంబర్ ఉంటుంది, అది నాకు విడిగా పంపు. దానికి ముందున్న డీడ్‌లు కూడా తీయించి చూద్దాం.